దొంగనోట్ల వాదన: వీకెన్ ప్రశ్నలో ఏ ఆప్షన్ పట్టుకోవాలి, ఏది వదిలేయాలి

అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని సివిల్స్‌కి చదివేవాళ్ళైనా, అమీర్‌పేటలో బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకునేవాళ్ళైనా, మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ రాత్రిపూట ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కి కూర్చునేవాళ్ళైనా, క్రిటికల్ రీజనింగ్‌లో (వాదనలను విశ్లేషించే ప్రశ్నల్లో), ముఖ్యంగా వాదనను బలహీనపరిచే ఆప్షన్ అడిగే వీకెన్ ప్రశ్నల్లో, దాదాపు అందరూ తడబడేది ఒకే చోట. ఐదు ఆప్షన్లలో మూడు తేలిగ్గా ఎగిరిపోతాయి. మిగిలిన రెండూ కరెక్టే అనిపిస్తాయి, గడియారం పరుగెత్తుతూ ఉంటుంది, టెన్షన్‌లో ఏదో ఒకటి నొక్కేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. జీమ్యాట్ వెర్బల్‌లో 23 ప్రశ్నలకి 45 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకి రెండు నిమిషాలు కూడా నిండుగా రావు. కాబట్టి ఆ చివరి రెండింటిలో ఏది ఎంచుకోవాలో ముందే ఒక పద్ధతి ఉండాలి.

దీనికి దొంగనోట్లను అరికట్టే వాదన కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఎందుకంటే దీని మీద ప్రతి ఒక్కరికీ సొంత అభిప్రాయం ఉంటుంది. నోట్ల రద్దు అందరం చూశాం, క్యూలలో నిలబడ్డాం, వాట్సాప్‌లో రకరకాలు చదివాం. ఆ అభిప్రాయాలన్నీ ప్రశ్న చదువుతున్నప్పుడు అడ్డొస్తాయి. మీకు తెలిసిన విషయం ఏ ఆప్షన్‌లో కనిపిస్తే చెయ్యి దాని మీదకే పోతుంది.

ముందు ప్రశ్న చూడండి. నేనే తయారు చేశాను.

"ఒక దేశంలో దొంగనోట్లు బాగా తిరుగుతున్నాయి. ప్రభుత్వం పెద్ద నోటును కొత్త డిజైన్‌లో తేబోతోంది. అందులో రంగు మారే దారం, దాగి ఉన్న బొమ్మ, కంటికి సులభంగా ఆనని చిన్న అక్షరాలు ఉంటాయి. వీటిని ఉన్నదున్నట్టు నకలు చేయాలంటే చాలా ఖరీదైన యంత్రాలు కావాలి, అవి చిన్న ముఠాలకి అందవు. కాబట్టి కొత్త నోటు వస్తే దొంగనోట్ల చెలామణి బాగా తగ్గుతుంది."

ఈ వాదనను అన్నిటికన్నా ఎక్కువగా బలహీనపరిచేది ఏది?

ఎ. కొత్త నోటు అచ్చు వేయడానికి పాత నోటు కన్నా ఎక్కువ ఖర్చవుతుంది.

బి. పక్క దేశంలో ఇలాంటి నోటు తెచ్చిన మొదటి ఏడాదిలో బ్యాంకులు పట్టుకున్న దొంగనోట్ల సంఖ్య పెరిగింది.

సి. కొత్త నోటు వచ్చాక పాత డిజైన్ నోట్లు మరో మూడు నెలల పాటు చెల్లుతాయి.

డి. దొంగనోట్లు ఎక్కువగా మారేది చిల్లర కొనుగోళ్ళలో, అక్కడ నోటు తీసుకునేవాళ్ళు దాని రంగు, సైజు చూస్తారు తప్ప లోపలి గుర్తులను పరిశీలించరు.

ఇ. కొన్ని పెద్ద ముఠాల దగ్గర ఖరీదైన అచ్చు యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి.

ఆప్షన్ల దగ్గరికి వెళ్ళే ముందు వాదన ఎక్కడ నిలబడి ఉందో చూడాలి. చెప్పిన కారణం: గుర్తులను అచ్చంగా నకలు చేయడం కష్టం. తేల్చిన మాట: దొంగనోట్ల చెలామణి తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఒక మాట ఎవరూ పైకి చెప్పలేదు. గుర్తులు సరిగా లేని నోటు చేతికొస్తే తీసుకునేవాడు పట్టేస్తాడు, వద్దంటాడు అని వాదన మనసులో అనుకుంటోంది. అలా పట్టకపోతే, అచ్చంగా నకలు చేయాల్సిన అవసరం ముఠాకి ఏముంది? పోలికలో కాస్త దగ్గరగా ఉంటే చాలు కదా. ఆ చెప్పని మాటనే అసంప్షన్ అంటారు, వీకెన్ ప్రశ్నలో దెబ్బ పడాల్సింది దాని మీదే. కారణాన్ని కాదనక్కర్లేదు, యంత్రాలు ఖరీదైనవేనని ఒప్పుకుంటూనే వాదనను పడగొట్టొచ్చు.

ఇప్పుడు ఎ తీసుకోండి. ఇది రెండు సెకన్లలో వదిలేయాల్సింది. ప్రభుత్వానికి ఖర్చు పెరగడం వల్ల ఆ పథకం లాభమా నష్టమా అన్న చర్చ వస్తుంది, దొంగనోట్లు తగ్గుతాయా లేదా అన్న దానికి సంబంధం లేదు. "ఈ పని మంచిదా?" అన్న ప్రశ్నకి జవాబును "ఈ పని ఫలిస్తుందా?" అన్న ప్రశ్నకి జవాబుగా పెట్టడం పేపర్ సెట్ చేసేవాళ్ళకి బాగా అలవాటు. ప్రభుత్వ పథకాల మీద వచ్చే ప్రతి వాదనలో ఈ రకం ఆప్షన్ ఒకటి ఉంటుందనుకునే వెళ్ళండి.

ఇ కూడా త్వరగానే పోవాలి గానీ చాలామంది దీన్ని పట్టుకుని కూర్చుంటారు. "పెద్ద ముఠాల దగ్గర యంత్రాలున్నాయి, ఇంకేం తగ్గుతాయి?" అనిపిస్తుంది. కానీ ఆప్షన్‌లో "కొన్ని" అన్న మాట చూడండి. బజార్లో తిరిగే దొంగనోట్లలో ఆ కొన్ని ముఠాల వాటా ఎంతో ఆప్షన్ చెప్పలేదు. పదింట ఒక వంతే అనుకుంటే, మిగతా తొమ్మిది వంతులు చిన్న ముఠాలవి, అవి ఆగిపోతాయి, అంటే వాదన చెప్పినట్టు బాగా తగ్గినట్టే. పైగా ఉన్న యంత్రాలు కొత్త గుర్తులకి సరిపోతాయో లేదో కూడా తెలియదు. ఇదే ఆప్షన్ "ప్రస్తుతం తిరుగుతున్న దొంగనోట్లలో అత్యధికం ఆ యంత్రాలున్న ముఠాలవే, కొత్త నోటుకీ అవే యంత్రాలు సరిపోతాయి" అని ఉంటే నేను నిస్సందేహంగా దాన్ని ఎంచుకునేవాణ్ణి. అంత తేడా. పరిమాణం చెప్పే మాటల కింద గీత గీసుకునే అలవాటు చేసుకోండి: కొన్ని, చాలా, అత్యధికం, అప్పుడప్పుడు, మొదటి ఏడాది.

సి విషయంలో కూడా అసలు సంగతి గడువులోనే ఉంది. పాత నోటు చెల్లుతున్నంత కాలం ముఠాలు కొత్త నోటు జోలికే పోనక్కర్లేదు, పాతదాన్నే దించుకుంటూ పోవచ్చు. ఆలోచన సరైనదే. కానీ ఇక్కడ మూడు నెలలే ఇచ్చారు. మూడు నెలల తర్వాత వాదన మళ్ళీ లేచి నిలబడుతుంది. తగ్గడం కాస్త ఆలస్యమవుతుందని మాత్రమే ఈ ఆప్షన్ చెబుతోంది. అదే "పాత డిజైన్ నోట్లు గడువు లేకుండా చెల్లుతూనే ఉంటాయి" అని ఉంటే? అప్పుడు సి, డి రెండూ గట్టి పోటీ, ఒకే ప్రశ్నలో రెండూ పెట్టడం సెట్ చేసినవాళ్ళ తప్పే అవుతుంది. పరీక్షలో అలా రాదు. రెండు ఆప్షన్లు నిజంగా సమానంగా బలంగా కనిపిస్తే, ఒకదానిలో మీరు గమనించని చిన్న మాట ఏదో ఉందని అర్థం. మళ్ళీ చదవాల్సింది ఆ రెండు ఆప్షన్లనే. ప్యాసేజీని మొదటి నుంచి చదువుతూ కూర్చుంటే టైమ్ పోతుంది.

ఇక బి, డి. అసలు పోరు ఇక్కడే.

బి చూడగానే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో జరిగిపోయిన ఉదాహరణ ఉంది. అక్కడ తెచ్చారు, పెరిగాయి, కాబట్టి ఇక్కడా పెరుగుతాయి. కానీ నెమ్మదిగా చదవండి. పెరిగింది బ్యాంకులు పట్టుకున్న నోట్ల సంఖ్య. వాదన మాట్లాడుతున్నది తిరుగుతున్న నోట్ల గురించి. దొరికినవి వేరు, తిరుగుతున్నవి వేరు. కొత్త గుర్తుల వల్ల గుర్తుపట్టడం తేలికైతే దొరికేవి పెరుగుతాయి, దాంతో తిరిగేవి తగ్గుతాయి కూడా. అంటే బి వాదనను బలహీనపరచకపోగా బలపరిచే అవకాశం కూడా ఉంది. రెండు వైపులా లాగే ఆప్షన్ వీకెన్ ప్రశ్నకి జవాబు కాలేదు. దానికి తోడు, పక్క దేశం పరిస్థితి ఈ దేశానికి వర్తిస్తుందా అన్న అనుమానం ఎటూ ఉంటుంది.

డి అలా కాదు. అది నేరుగా మనం ముందు చెప్పుకున్న అసంప్షన్ మీదకే వెళుతుంది. నోటు మారే చోట గుర్తులు ఎవరూ చూడరు, కాబట్టి గుర్తులు ఎంత కష్టమైనవైనా ముఠాకి అడ్డు కావు. కారణం నిజమే, కానీ దాని నుంచి ఫలితం రాదు. జవాబు డి.

డి ఎంత నిజమో తెలియాలంటే బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్టు ముందు సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడండి. గల్లా దగ్గర కూర్చున్నాయన ఐదొందల నోట్ల కట్టను ఎడమ చేత్తో పట్టుకుని కుడి బొటనవేలితో అంచులు చకచకా తిప్పుతూ లెక్కపెడతాడు. ఆయన కళ్ళకి కనిపించేది ప్రతి నోటు అంచు మాత్రమే. ఏదైనా నోటు దగ్గర వేలు ఆగిందంటే కాగితం మెత్తగా తగిలిందనో, రంగు వెలిసినట్టుందనో. అప్పుడు దాన్ని బయటికి లాగి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూస్తాడు. మిగతా కట్టంతా అలాగే గల్లాలోకి పోతుంది. మన ఐదొందల నోటు మీద రెండు అంచుల్లో ఐదేసి ఏటవాలు గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారుతుంది, కుడి వైపు కింద రూపాయి గుర్తుతో ఉన్న 500 అంకె కూడా అలాగే మారుతుంది. ఖాళీగా కనిపించే చోట వెలుతురుకి పెడితే గాంధీ బొమ్మ కనిపిస్తుంది. ఇవన్నీ ఆ కొట్టులో ఉన్నాయన తెలియక చూడటం లేదని కాదు, ఎదురుగా పదిమంది నిలబడి ఉంటే ఒక్కో నోటునీ వంచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. అనుభవం ఉన్న వ్యాపారి చేతికి కాగితం తేడా తెలుస్తుంది, అది నిజం. కానీ రాత్రి ఎనిమిదింటికి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో మూర పూలు కొలిచి ఇస్తూ తడి చేత్తో నోటు తీసుకునే ఆవిడ సంగతి? దొంగనోటు తెచ్చేవాడు కూడా అలాంటి చోటే వెతుక్కుంటాడు.

ఒక జాగ్రత్త. ఈ దృశ్యం మీకు డి నచ్చడానికి కారణం కాకూడదు. జీవితంలో నిజమా కాదా అని పరీక్షలో అడగరు. ప్రతి ఆప్షన్‌నీ నిజమే అనుకుని, అది నిజమైతే తేల్చిన మాట మీద నమ్మకం ఎంత పడిపోయింది అని మాత్రమే అడగాలి. ప్రశ్నలోనే "ఇవి నిజమైతే" అని రాసి ఉంటుంది, చాలామంది ఆ మాట దాటేసి చదువుతారు.

దొరికినవి, తిరుగుతున్నవి అన్న తేడా ఎంత ముఖ్యమో మన దేశం లెక్కల్లోనే కనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు ఏటా ఇచ్చే నివేదికలో బ్యాంకింగ్ వ్యవస్థలో దొరికిన దొంగనోట్ల సంఖ్య ఉంటుంది. 2016-17లో అన్ని రకాలూ కలిపి 7,62,072 నోట్లు దొరికాయి. 2020-21కి అది 2,08,625కి పడిపోయింది. కొత్త డిజైన్ ఫలించిందని వాదించేవాళ్ళు ఈ రెండు అంకెలు చూపిస్తారు. కాదనేవాళ్ళు ఒక్క కొత్త ఐదొందల నోటు లెక్కే తీస్తారు: 2016-17లో 199, 2017-18లో 9,892, 2020-21లో 39,453, 2021-22లో 79,669. ఒక్క ఏడాదిలో రెట్టింపు అయిందని అప్పట్లో పేపర్లలో పెద్దగా వచ్చింది. రెండు పక్షాలూ చూపించేవి నిజమైన అంకెలే. మరి ఏది నమ్మాలి?

నా ఉద్దేశంలో రెండూ విడివిడిగా చాలవు. మొదటి అంకెలో పాత ఐదొందలు, వెయ్యి నోట్లు ఉన్నాయి. 2016 నవంబర్ 8న రద్దయ్యాక అవన్నీ గుట్టలుగా బ్యాంకులకి వచ్చాయి, వచ్చినప్పుడు దొంగవి కూడా లెక్కలో పడ్డాయి. ఆ తర్వాత ఆ నోట్లే లేవు కాబట్టి వాటి దొంగ నకళ్ళు కూడా దొరకవు. రెండో లెక్కలో 199 అన్నది నోటు బయటికొచ్చి కొన్ని నెలలే అయిన ఏడాదిది, తర్వాతి ఏళ్ళలో అసలు ఐదొందల నోట్లే కోట్లలో పెరిగాయి, వాటితోపాటు నకళ్ళూ పెరిగాయి. అసలు నోట్లతో పోల్చి నిష్పత్తి చూడకుండా సంఖ్య మాత్రమే చూస్తే ఏ పక్షానికైనా వాదించొచ్చు. కానీ ఒక్కటి మాత్రం కాదనలేం: రంగు మారే దారం, ఉబ్బెత్తు గీతలు ఉన్న నోటుకి కూడా దొంగ నకళ్ళు వచ్చాయి, చాలా చేతులు మారి బ్యాంకు దాకా చేరాయి. "గుర్తులు పెంచితే చాలు" అన్న వాదనకి ఆ ఒక్క సంగతే గట్టి దెబ్బ. పరీక్షలో అంకెలున్న ఆప్షన్ వచ్చినప్పుడు అది సంఖ్యా, నిష్పత్తా, దొరికిందా, తిరుగుతోందా అని చూడండి. అంకె ఉంది కదా అని బలం ఎక్కువ ఉన్నట్టు కాదు.

ఈ అంశం మీద ఇదొక్క వాదనే రాదు. దొంగనోట్లను అరికట్టే పద్ధతి మారితే దెబ్బ కొట్టాల్సిన చోటు కూడా మారుతుంది, అందుకే మిగతావి కూడా పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ప్లాస్టిక్ నోట్ల వాదన తీసుకోండి. "ఆస్ట్రేలియా 1988లో మొదటి పాలిమర్ నోటు తెచ్చింది, 1996కల్లా అన్ని నోట్లనూ పాలిమర్‌కి మార్చింది, అక్కడ దొంగనోట్లు తక్కువ, కాబట్టి మనం కూడా మారితే తగ్గుతాయి." ఇది పోలిక మీద నిలబడ్డ వాదన, కాబట్టి రెండు దేశాల మధ్య తేడా చూపించే ఆప్షన్ వెతకాలి. ఇక్కడ ఎర ఏమిటంటే, "మన ఎండలకి ప్లాస్టిక్ నోటు త్వరగా పాడవుతుంది" లాంటి ఆప్షన్ పెడతారు. తేడా నిజమే చూపిస్తోంది, కానీ నోటు మన్నిక గురించి. మన దగ్గర పది రూపాయల ప్లాస్టిక్ నోటును ప్రయోగంగా తేవాలనుకున్నప్పుడు కొచ్చి, మైసూరు, జైపూర్, సిమ్లా, భువనేశ్వర్ అని వేర్వేరు వాతావరణాలున్న ఊళ్ళనే ఎంచుకున్నారు, అది తెలిసినవాళ్ళకి ఎండ ఆప్షన్ ఇంకా ఆకర్షణగా కనిపిస్తుంది. వదిలేయండి. "అప్పట్లో ఆ పదార్థం తయారుచేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురే, ఇప్పుడు అదే రకం ప్లాస్టిక్ ఎవరైనా కొనుక్కోవచ్చు" అని ఉంటే అది పట్టుకోవాలి, ఎందుకంటే దొంగనోట్లు అక్కడ తగ్గడానికి ఏ కారణమైతే ఉందో అది ఇక్కడ లేదని చెబుతోంది.

యూపీఐ వాదన తేలిక. "జనం ఫోన్‌తో కడుతున్నారు, కాబట్టి నోట్లు తగ్గుతాయి, దొంగనోట్లూ తగ్గుతాయి." ఫోన్ చెల్లింపులు పెరిగితే నోట్లు తగ్గాలన్న రూలేమీ లేదు. యూపీఐ మొదలైంది 2016లో. నోట్ల రద్దుకి ముందు చెలామణిలో ఉన్న నగదు సుమారు 18 లక్షల కోట్లు, 2024 మార్చి నాటికి నోట్లే 34 లక్షల కోట్లు దాటాయి. రెండూ కలిసి పెరిగాయన్న ఆప్షన్ కనిపిస్తే రెండో ఆలోచన అక్కర్లేదు.

శిక్షల వాదనలో దెబ్బ ఎప్పుడూ పట్టుబడే అవకాశం మీదే పడాలి. దొంగనోట్లు అచ్చు వేస్తే యావజ్జీవం దాకా శిక్ష మన చట్టంలో ఎప్పట్నుంచో ఉంది, ఐపీసీ 489ఎ పోయి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 178వ సెక్షన్ అయింది. "శిక్ష పెంచితే నేరం తగ్గుతుంది" అన్నదానికి "పట్టుబడేవాళ్ళలో ఎక్కువమంది నోట్లు మార్చే చిన్న మనుషులే, అచ్చు వేసేవాళ్ళు దొరకరు" అన్న ఆప్షన్ సరిగ్గా సరిపోతుంది. "ఇతర నేరాలకి కూడా ఇంతే శిక్ష ఉంది" అన్నది ఎందుకూ పనికిరాదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది జప్తు వాదన, దీనిమీద కాసేపు ఆగాలి. "దొంగనోటు బ్యాంకుకి వస్తే బ్యాంకు దాన్ని తిరిగివ్వకూడదు, ముద్ర వేసి జప్తు చేయాలి. అలా ప్రతిదీ జప్తు అవుతుంటే కొంతకాలానికి దొంగనోట్లు అయిపోతాయి." నిజంగా ఉన్న నియమమే ఇది. కౌంటర్లో దొంగనోటు తేలితే బ్యాంకు దానిమీద ముద్ర కొట్టి ఉంచేసుకుంటుంది, రసీదు ఇస్తుంది, డబ్బు మాత్రం ఇవ్వదు. ఒకే లావాదేవీలో నాలుగు దాకా ఉంటే నెలవారీగా పోలీసులకి రిపోర్టు వెళుతుంది, ఐదు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఎఫ్‌ఐఆర్. ఇప్పుడు మోండా మార్కెట్‌లో కూరగాయలు అమ్మే మనిషిని ఊహించుకోండి. రోజంతా ఎండలో కూర్చుంటే మిగిలేది అయిదారు వందలు. అందులో ఒక ఐదొందల నోటు దొంగదని రాత్రి తెలిసింది. బ్యాంకుకి తీసుకెళితే ఆ రోజు కష్టమంతా పోయినట్టే. చట్టం ప్రకారం తెలిసి కూడా వేరేవాళ్ళకి అంటగట్టడం నేరం, అది ఆ మనిషికీ తెలిసే ఉండొచ్చు. అయినా కడుపు మండినవాడికి పోలీసు కన్నా ముందు గుర్తొచ్చేది ఆ ఐదొందలే. ఇలాంటి పరిస్థితిలో ఉన్న మనుషుల మీద నాకు కోపం రాదు, ఆ నష్టం మొత్తం చివరి చేతిలో ఉన్నవాడి మీదే పడేలా ఉండటం మీద బాధగా ఉంటుంది.

ఈ వాదనకి రెండు ఆప్షన్లు మిగిలాయనుకోండి. ఒకటి: "బ్యాంకు యంత్రాలు అప్పుడప్పుడు అసలు నోటును కూడా దొంగనోటుగా చూపిస్తాయి." రెండు: "తమ దగ్గరున్నది దొంగనోటని తెలిసినవాళ్ళు నష్టం తప్పించుకోవడానికి దాన్ని బ్యాంకుకి తేకుండా చిల్లర కొనుగోళ్ళలో ఖర్చుపెడతారు." మొదటిది అన్యాయాన్ని చూపిస్తోంది, చదవగానే మనసుకి తగులుతుంది. కానీ వాదన దొంగనోట్లు అయిపోతాయా అన్నదాని గురించి, అసలు నోట్లు నష్టపోయేవాళ్ళ గురించి కాదు. రెండోది నోట్లు అసలు బ్యాంకు దాకా రావడమే లేదని చెబుతోంది. పైగా జప్తు నియమమే వాటిని రానివ్వడం లేదని చెబుతోంది, అంటే వాదన ఏ పనిని మందు అనుకుందో అదే జబ్బుకి కారణం అవుతోంది. ఇలా మందే జబ్బును పెంచుతోందని చూపించే ఆప్షన్ కనిపిస్తే, అది దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది.

టెక్నాలజీ మీద నమ్మకంతో చేసే వాదనలకి ఇంకో కోణం కూడా ఉంది, అది చరిత్ర నుంచి నేర్చుకోవచ్చు. 1925లో పోర్చుగల్‌లో ఆల్వెస్ దోస్ రేయిస్ అనే మనిషి దొంగ కాంట్రాక్టు కాగితాలు సృష్టించి, పోర్చుగల్ నోట్లు అచ్చు వేసే లండన్ కంపెనీ వాటర్‌లో అండ్ సన్స్ చేతనే 500 ఎస్కుడోల నోట్లు అచ్చు వేయించుకున్నాడు. అసలు ముద్రాపకుడు, అసలు అచ్చు. ఏ గుర్తు చూసి పట్టుకుంటారు? చివరికి ఒకే నంబరుతో రెండు నోట్లు కనిపించడంతో బయటపడింది. "నకలు చేయలేని నోటు తయారుచేస్తే సమస్య పోతుంది" అన్న వాదన వచ్చినప్పుడు, అసలు నకలు చేయాల్సిన అవసరమే లేకుండా చేసే దారి ఏదైనా ఆప్షన్లలో ఉందేమో చూడండి. పరీక్షలో ఈ కథ రాదు, కానీ ఈ ఆలోచన వస్తుంది.

చదివే పద్ధతిలో కూడా ఒక ఎంపిక ఉంది, చాలామంది అడుగుతుంటారు. ఆప్షన్లు చూడకముందే అసంప్షన్ ఊహించుకుని వెళ్ళాలా, లేక ఆప్షన్లు చదువుతూ ఎలిమినేట్ చేసుకుంటూ పోవాలా? పథకాల మీద, నివారణ పద్ధతుల మీద వచ్చే వాదనల్లో ఊహించుకుని వెళ్ళడమే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే వీటికి కొట్టే చోట్లు కొన్నే ఉంటాయి: పథకం అమలు కాదు, అమలైనా నేరగాడు వేరే దారి పడతాడు, పథకమే కొత్త సమస్య తెస్తుంది, కొలిచిన లెక్క అసలు విషయాన్ని కొలవడం లేదు. పది పదిహేను సెకన్లు ఇవి మనసులో తిప్పుకుంటే ఆప్షన్ దానంతట అదే కనిపిస్తుంది. కారణం, ఫలితం తారుమారయ్యే పరిశోధనల మీద వచ్చే ప్రశ్నల్లో మాత్రం ఊహించడం కష్టం, అక్కడ ఎలిమినేషన్‌కే వెళ్ళండి. బ్యాంకు పరీక్షల్లో టైమ్ మరీ తక్కువ, అక్కడ సంబంధం లేని ఆప్షన్లు ముందు కొట్టేసి, మిగిలిన రెండింటి మీదే ఈ ఆలోచన పెడితే సరిపోతుంది.

చివరిగా ఒకటి మీరే చేసి చూడండి. "రిజర్వు బ్యాంకు 2020లో నోటును ఫోన్ కెమెరాతో గుర్తించే మణి అనే యాప్ తెచ్చింది. ఇప్పుడు దాదాపు అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్ ఉంది. కాబట్టి దొంగనోటు తీసుకుని మోసపోయేవాళ్ళు తగ్గుతారు." రెండు ఆప్షన్లు: "చాలామంది వ్యాపారులు ఆ యాప్ పేరే వినలేదు." "ఆ యాప్ చూపులేనివాళ్ళకి నోటు ఎంతదో చెప్పడానికి చేసింది, అది అసలుదా దొంగదా అన్నది చెప్పదు." రెండోది నిజంగానే నిజం, అది పక్కన పెట్టి బలం మాత్రమే చూడండి. మొదటిది ఉంటే ప్రచారం చేసి వాదనను కాపాడుకోవచ్చు, పేరు వినని వ్యాపారి రేపు వినొచ్చు. రెండోది నిజమైతే అందరూ ఆ యాప్ వాడినా ఒక్క దొంగనోటు కూడా దొరకదు. నేనైతే రెండోదే టిక్ పెడతాను.